సాక్ష్యం అడిగితే సాక్షులను ఇచ్చాను

నాకు చప్పుడంటే భయం లేదు. చప్పుడు ఆగితేనే భయం.

ఇరవై రెండేళ్ళు సూరత్ ఖటోదరాలో సాంచాల మధ్య నిలబడి బతికినవాణ్ణి. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటాం. నలభై సాంచాలు ఒక్కసారి కొడుతుంటే పక్కవాడి మాట వినబడదు, పెదవులు చూసి తెలుసుకోవాలి. ఆ మోతలో మనిషి నిశ్చింతగా ఉంటాడు. ఏదో ఒక సాంచా ఠక్కున ఆగిందంటే మాత్రం అందరి తలలూ అటు తిరుగుతాయి. పోగు తెగి ఉండవచ్చు. షటిల్ ఎగిరి ఎవరికైనా తగిలి ఉండవచ్చు. ఎవరి వేలో లోపల పడి ఉండవచ్చు. అందుకే మా ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా చప్పుడు ఆగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తారు.

అటువంటి నన్ను తీసుకెళ్ళి లైబ్రరీలో పెట్టారు. చెవులు సగం పోయాయని డాక్టరు చెబితే, మా సేఠ్ దయతలచి అడాజన్ వైపు ఒక లా కాలేజీలో అటెండరు పని ఇప్పించాడు. మొదటి ఆరు నెలలు నేను అక్కడ పడిన భయం ఏ పనిలోనూ పడలేదు. వందమంది పిల్లలు, ఒక్క చప్పుడు లేదు. ఎవరికో ఏదో అయిందన్నట్టే ఉండేది. పైగా నా గొంతు సాంచాల గొంతు. నేను గుసగుసలాడినా గోడలు అదిరేవి. లైబ్రరీ చూసే బెన్ వేలు పెదవుల మీద పెట్టుకొని రోజుకు ఇరవైసార్లు నా వైపు చూసేది. గుజరాతీలు ఆడవాళ్ళను గౌరవంగా బెన్ అంటారు, అక్క అన్నట్టు.

లా చదివే పిల్లలూ, మీరు నన్ను చూసి ఉండరు. నాలాంటివాణ్ణి చూసి ఉంటారు. మీరు అడిగిన పుస్తకం తెచ్చి ఇచ్చేవాడు దాన్ని చదవగలడని అనుకోకండి. నేను మా ఊళ్ళో మూడో తరగతి దాటలేదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు, గుజరాతీ నాకు బొమ్మలు. పుస్తకాలను రంగుతో, లావుతో, ఉన్న చోటుతో గుర్తుపట్టేవాణ్ణి. పదకొండేళ్ళలో నాలుగైదుసార్లకు మించి తప్పలేదు. అందులో ఒకటి మీకు చెప్పాలి.

నాకు వచ్చిన విద్య ఒక్కటే, జిల్దు కట్టడం. చినిగిన పుస్తకాన్ని మడతలుగా విప్పి, కుట్టి, అట్ట వేసి, పైన నీలం గుడ్డ అతికించేవాణ్ణి. దారం పని కాబట్టి చేతికి తొందరగా వచ్చింది. విప్పిన మడతలు తారుమారు కాకుండా ప్రతి మడత మూలన పెన్సిల్‌తో ఒక అంకె వేసేవాణ్ణి. సాంచాల మీద తాకా దిగినప్పుడు, అంటే బట్ట ఒక నిడివి పూర్తయినప్పుడు, దాని అంచున అంకె వేస్తాం. ఒకటికీ ఏడుకూ తేడా తెలియాలని ఏడు మెడకు అడ్డగీత గీస్తాం. అదే అలవాటు ఇక్కడికీ వచ్చింది.

నేను చేరిన ఎనిమిదో ఏట ఒక పిల్ల కాలేజీలో చేరింది. సూరత్ పక్కన జోల్వాలో సాంచాలు నడిపే మన తెలంగాణ ఆయన కూతురు. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. కౌంటరు దగ్గర మొదటి రోజే నా గొంతు విని పట్టేసింది.

"కాకా, నువ్వు మనోనివేనా? సాంచా మీద నుంచి సీదా గీడికే వచ్చినట్టున్నవ్, గంత మొత్తుకుంటున్నవ్!"

గుజరాతీ పిల్లలు కూడా నన్ను కాకా అనే పిలిచేవారు. మాట ఒకటే. కానీ ఆ పిల్ల పిలిస్తే మా అన్న కూతురు పిలిచినట్టుండేది.

ఒకసారి జిల్దు అట్టల కోసం రద్దీ దుకాణానికి, అంటే పాత కాగితాలు కొనే కొట్టుకు పోతే, చిత్తు కాగితాల కుప్పలో ఒక తెలుగు కథల పుస్తకం కనబడింది. ముందు పేజీలు లేవు. చివరి పేజీలూ లేవు. పేరు తెలియదు, రాసినదెవరో తెలియదు. తెచ్చుకొని కుట్టి, నీలం గుడ్డే వేశాను. లైబ్రరీ పుస్తకాలకు కుట్టాక చెరిపేసే అంకెలను దీనికి చెరపలేదు. నా దగ్గర ఉన్న గుడ్డ అదొక్కటే. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్ల కింద కూర్చుని ఆ పిల్ల చదివేది, నేను వినేవాణ్ణి. నా చెవుల కోసం కొంచెం గట్టిగానే చదివేది.

"నీకు పరీక్షలున్నయ్ కదనే, గీ కథలేంది?" అంటే,

"పొద్దుగాల నుంచి సెక్షన్లు తిని తిని నోరు చేదైంది కాకా. జర బెల్లం ముక్క పెట్టుకోవద్దా?" అనేది.

అందులో మాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. ఒక పెళ్ళిబృందం దారి తప్పి వేరే ఊరికి పోతుంది. అక్కడా ఆ రోజే పెళ్ళి. మూడు విడతలు బూరెలు తిన్నాక గానీ మీ పెళ్ళికొడుకెవరని ఎవరూ అడగరు. గొడవ పంచాయతీకి పోతుంది. ఊరంతా సాక్షులే. దాన్ని మేము సాక్షుల కథ అనేవాళ్ళం. చివరికి పుస్తకమే సాక్షుల పుస్తకం అయిపోయింది. మధ్యాహ్నం కాగానే ఆ పిల్ల కౌంటరు దగ్గరకొచ్చి, "కాకా, సాక్షులది ఇయ్యి" అనేది.

ఒకరోజు బెన్ నా సొరుగు తెరిచి ఆ పుస్తకం చూసింది. "ఇది చట్టాల లైబ్రరీ కాకా. సొంత పుస్తకాలు, అందులో కథలు, ఇక్కడ ఉండకూడదు. కాలేజీ గుడ్డ, జిగురు వీటికి వాడారని పైవాళ్ళకు తెలిస్తే నాకే మాట వస్తుంది" అన్నది. మంచిగానే చెప్పింది. నేను దాన్ని ఇంటికి తీసుకుపోవలసింది. కానీ తెలివి ఎక్కువై, చట్టాల పుస్తకాలకు అంటించగా మిగిలిన లేబుళ్ళలో ఒకటి తీసి దాని అట్ట మీద అతికించాను. ఇక ఎవరు సొరుగు తెరిచినా చట్టమే అనుకుంటారు. ఆ లేబుల్ ఏ చట్టానిదో నేను చూడలేదు. చూసినా నాకు తెలిసేది కాదు.

అది ఎవిడెన్సు చట్టానిది.

ఆ చట్టం పరీక్షకు మా కాలేజీలో ఒక వెసులుబాటు ఉండేది. ఉత్త చట్టం మాత్రమే ఉన్న పుస్తకం హాల్లోకి తీసుకుపోవచ్చు. అందులో చేతిరాత మాత్రం ఉండకూడదు. పరీక్ష ముందురోజు కౌంటరు మీద పిల్లలు పడిపోయారు. "కాకా, ఎవిడెన్స్ ఆపో, ఎవిడెన్స్ ఆపో." ఆపో అంటే ఇవ్వండి అని. కొందరు గుజరాతీలో పురావా అనేవారు. ఎవిడెన్సు అన్నా పురావా అన్నా నా చెయ్యి దానంతట అదే మూడో అరకు పోయేది.

ఆ గుంపులోంచి నా పిల్ల గొంతు తెలుగులో వినబడింది.

"కాకా, సాక్ష్యంది ఇయ్యి! బస్సు పోతది, జల్ది!"

నా చెవికి సాక్ష్యం చేరలేదు. సాక్షులు చేరారు. రేపు పరీక్ష పెట్టుకొని ఈ పిల్లకు కథ కావలసి వచ్చిందా అని నవ్వుకున్నాను. సొరుగులోంచి తీసి, గుంపు తలల మీదుగా అందించాను. ఆ పిల్ల రిజిస్టరులో సంతకం కోసం ఆగబోతే, పో పొమ్మని చెయ్యి ఊపాను. సొంత పుస్తకానికి రిజిస్టరెందుకు? నేనే తర్వాత రాసుకుంటానేమో అనుకొని ఆ పిల్ల పరుగెత్తింది.

అందరిలా ఎవిడెన్సు అని అడిగి ఉంటే ఏమీ జరిగేది కాదు. నా దగ్గర మాత్రమే ఆ పిల్ల తెలుగులో అడిగింది.

మర్నాడు పరీక్ష ముగిసే వేళకు కారిడార్‌లో ఒక్కసారి చప్పుడు ఆగింది. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. బయటికి వస్తే, హాల్లో కాపలా ఉన్న సారు ఆ పిల్లను ముందు పెట్టుకొని ప్రిన్సిపాల్ గది వైపు నడుస్తున్నాడు. ఆయన చేతిలో నీలం పుస్తకం. తెరిచి ఉంది. ఆ అక్షరాలు నాకు దూరం నుంచే తెలిసిపోయాయి. నేను చదవగలిగిన అక్షరాలు ఆ భవనంలో అవే కదా.

ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇంట్లో ఆ పిల్ల పుస్తకం సంచిలోంచి తీయనే లేదు. హాల్లో తెరిచి చూస్తే సాక్షుల పుస్తకం. చెబితే ఎవరిచ్చారని అడుగుతారు. మూసి పక్కన పెట్టి, చట్టం చూడకుండానే పేపరంతా రాసింది. ఇంకా అరగంట మిగిలింది. ముందుగా బయటికి పంపరు. ఊరికే కూర్చోలేక పుస్తకం తెరిచింది. బూరెల దగ్గరికి వచ్చేసరికి నవ్వింది.

పరీక్ష హాల్లో నవ్వే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? సారు వచ్చి పుస్తకం లాక్కున్నాడు. తెలియని భాష. పైన ఎవిడెన్సు లేబుల్. మడత మడతకూ పెన్సిల్ అంకెలు. ఆయన ఫోనులో అనువాదం పెట్టి చూస్తే, ఆ ఫోను పాత అచ్చును తడుముకుంటూ సాక్షి, ప్రమాణం, తీర్పు అనే ముక్కలు మాత్రం చూపించిందట. ఇంకేం కావాలి? సొంత భాషలో జవాబులు అచ్చు వేయించుకుని, సెక్షన్ల నంబర్లు రాసుకుని, కాలేజీ అట్ట తొడిగి తెచ్చిందని కేసు. రుజువైతే మూడేళ్ళు పరీక్షలకు రానివ్వరు. కాపీ కొట్టిందన్న మాట కాగితాల్లో ఉండిపోతుంది. ఆ తర్వాత నల్లకోటు తొడగనిచ్చేదెవరు?

ఆ పిల్ల నా పక్క నుంచి పోతూ ఒక్కసారి చూసి, తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. పిల్లలూ, నా సిగ్గుమాలినతనం వినండి. ఆ తల ఊపడాన్ని నేను పర్మిషను కాగితంలా మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం బెన్ నన్ను పిలిచి మెల్లగా అన్నది. "ఆ గుడ్డ, ఆ కుట్టు ఎవరివో నాకు తెలుసు కాకా. రిజిస్టరులో ఎంట్రీ లేదు. నువ్వు ఇవ్వలేదు. అంతే. నీ నౌకరీ ఇంకా ఏడాదిన్నర ఉంది. నోరు తెరవకు." ఆమె నా మంచికే చెప్పింది. నేను తల ఊపాను.

మరునాడు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. జోల్వా నుంచి షిఫ్టు దిగి అలాగే వచ్చినట్టున్నాడు, జుట్టులో దూది. లోపలికి పోవడానికి జంకి గేటు దగ్గర నిలబడ్డాడు. నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు దగ్గరికొచ్చాడు.

"అన్నా, మా పిల్ల పరీక్షల చోరీ చేసిందంటున్నరు. అడిగితే నోరిప్పుతలేదు. నువ్వు లోపట్నే ఉంటవట కదా. గా పుస్తకంల ఏమున్నదన్నా?"

"నాకెర్కలేదన్నా" అన్నాను.

ఆయన నమ్మాడు. "అవ్ పాపం, నీకెట్ల ఎర్కైతది. మనమేమన్న సదువుకున్నోళ్ళమా?" అని నా భుజం తట్టి బస్టాపు వైపు పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. భుజం మీద ఆ చెయ్యి బరువు అన్నం దగ్గర కూర్చున్నా పోలేదు.

మా ఇంటామె కంచం చూసి, నన్ను చూసి అన్నది. "ఏందయ్యా, ఆగిన సాంచా లెక్క కూసున్నవ్? ఎవలికేమైంది?"

చెప్పాను. మొత్తం విని, నా కంచంలో పప్పు వేస్తూ, "నాకు చెప్తే ఏం ఫాయిదా? నేనేమన్న ప్రిన్సిపాలునా?" అన్నది. ఇక ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ పూట తెలిసింది.

మూడో రోజు పదకొండు గంటలకు విచారణ. ప్రిన్సిపాల్ సాహెబ్, హాల్లో పట్టుకున్న సారు, ఎవిడెన్సు పాఠం చెప్పే పెద్ద మేడమ్. ఆ మేడమ్ అంటే పిల్లలకే కాదు, లెక్చరర్లకూ హడలు. ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరని చెప్పుకునేవారు. టీ తీసుకొని రమ్మని నాకే పురమాయించారు.

ట్రే పట్టుకొని లోపలికి పోయాను. ఆ పిల్ల గోడవారగా నిలబడి ఉంది. బల్ల మీద నా పుస్తకం.

"తప్పు పుస్తకం తెచ్చుకున్నాను సార్" అంటోంది హిందీలో.

"మరి లైబ్రరీ గుడ్డ ఎక్కడిది? లేబుల్ ఎక్కడిది? దొంగిలించావా?" అన్నాడు పట్టుకున్న సారు.

ఆ పిల్ల తల వంచుకుంది.

"ఈ నంబర్లు ఎవరివి?"

గది మొత్తం ఆగిపోయింది. సాంచా ఆగినట్టే. ఎవరి వేలో పడింది. ఎవరిదో నాకు తెలుసు.

ట్రేలో కప్పులు గలగలమంటున్నాయి. ట్రే బల్ల మీద పెట్టాను.

"నంబర్లు నావి సాహెబ్" అన్నాను. గుసగుసగా అన్నాననుకున్నాను. కారిడార్ చివరి దాకా వినబడిందని తర్వాత చెప్పారు.

ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. రద్దీ దుకాణం, గుడ్డ, లేబుల్, సాక్ష్యం, సాక్షులు, గేటు దగ్గర తండ్రితో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పేశాను. సారు నమ్మలేదు. "ఇద్దరిదీ ఒకే భాష. మాట్లాడుకుని వచ్చారు" అన్నాడు. నిజం చెబితే నమ్ముతారనుకున్నాను గానీ, చెప్పాక కూడా నమ్మకపోతే ఏం చేయాలో ఆలోచించుకోలేదు.

అప్పుడు మేడమ్ మొదటిసారి మాట్లాడింది. ఒక కాగితం నా ముందుకు తోసి, "ఒకటి నుంచి పది దాకా రాయండి" అన్నది. రాశాను. చెమట కాగితం మీద పడింది. ఆమె నా ఏడునూ పుస్తకంలో ఏడునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఆ పిల్లను అడిగింది.

"ఏ పేజీ దగ్గర నవ్వావు?"

ఆ పిల్ల చూపించింది.

"ఇప్పుడు బయటికి పో. సాక్షులను విడివిడిగా అడగాలని నీకు నేనే కదా చెప్పింది."

ఆ పిల్ల బయటికి పోయింది. పుస్తకం నా చేతికిచ్చి, చదివి హిందీలో చెప్పమన్నది. ముగ్గురు చదువుకున్నవాళ్ళ ముందు, మూడో తరగతివాణ్ణి, అక్షరం కింద వేలు పెట్టుకుని చదివాను. మూడు విడతల బూరెలు చెప్పాను. పంచాయతీలో వంటవాడి సాక్ష్యం చెప్పాను. "ఎన్ని బూరెలు పోయాయో ప్రమాణం చేసి చెప్పగలను దొరా, ఎవరి పెళ్ళో మాత్రం చెప్పలేను" అంటాడు వాడు. ఎవరూ నవ్వలేదు. బూరెకు హిందీ మాట తెలియక తీపి పూరీ అన్నాను.

"సరే. మీరు బయటికి వెళ్ళి ఆమెను పంపండి."

తలుపు మూసుకుంది. ఆ తలుపు బయట ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఆ పిల్ల నా మాటకు ఒక్క ముక్క తేడాగా చెప్పినా ఇద్దరం పోతాం. తీపి పూరీ అన్నానే, ఆ పిల్ల ఇంకేదైనా అంటే? లోపలి మాటలు నా చెవులకు అందడం లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. ఉన్నట్టుండి ఏదో ఆడగొంతు పెద్దగా లేచింది. నవ్వో ఏడుపో నా చెవులకు తెలియలేదు. గోడ పట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. "తీపి పూరీ కాదు కాకా," అన్నది, "మధ్యలో పూర్ణం ఉంటుందట. అది చెప్పడం మరిచారు."

ఆ పిల్ల పేపరు దిద్దించారు. చట్టం చూడకుండా రాసిన ఆ పేపరుకు మంచి మార్కులే వచ్చాయి. నాకు మెమో ఇచ్చి, లైబ్రరీ నుంచి తీసేసి, రిటైరయ్యే దాకా గేటు దగ్గర వేశారు. శిక్ష అనే వేశారు. ముందు రోడ్డు, బస్సులు, స్కూటర్లు, రోజంతా మోత. నాకు ప్రాణం హాయిగా ఉండేది. మొదటి ఆదివారమే జోల్వా పోయి ఆ తండ్రికి నా అబద్ధం చెప్పుకున్నాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు.

పుస్తకం మాత్రం రాలేదు. ఫైలుతో పాటు బీరువాలోకి పోయింది. చదువుకునే పిల్లలూ, పాఠాల మధ్య కథలు చదవండి, నోటికి బెల్లం కావాలి. కథకు కథ అట్టే వేయండి. ఇప్పుడు ఆ చట్టం పేరే సాక్ష్యం అని మార్చారట. ఆ పేరు అప్పుడే ఉంటే మూడో అర మీది దాన్ని నేనూ సాక్ష్యం అనే పిలిచేవాణ్ణి.

మొన్నీమధ్య ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు నల్లకోటు. సంచిలోంచి నీలం పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నేను వకీలైనంక రాసిన మొదటి అర్జీ గిదే కాకా. కేసు అయిపోయింది, మీరు పట్టుకున్న మా ముద్దామాలు మాకియ్యిండ్రి అని. నాలుగుసార్లు తిప్పిచ్చుకున్నరు."

మెట్ల కింద కూర్చున్నట్టే గోడకు ఆనుకుని కూర్చున్నాం. చదివింది. నా చెవులు ఇంకా పాడయ్యాయి కదా, ఇంకా గట్టిగా చదివింది. వంటవాడు, బూరెలు, పంచాయతీ. అక్కడితో కాగితాలు అయిపోయాయి. తీర్పు ఏమైందో మాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ పిల్ల పుస్తకం మూసి, అట్ట మీది లేబుల్‌ను గోటితో గీకుతూ అన్నది.

"ఒకటి అడుగుతా కాకా. గా రెండు రోజులు ఎందుకు ఆగినవ్?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న కోసం జవాబులు కుట్టి పెట్టుకున్నాను. అన్నీ విప్పి పడేశాను.

"భయమైంది బిడ్డా."

ఆ పిల్ల నా వైపు చూడలేదు. "నాకూ అయింది. నువ్వు వస్తవో రావో అని" అన్నది.

ఇద్దరం అలాగే కూర్చున్నాం. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు, ఆ వెంటనే మా ఇంటామె చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున గుమ్మంలోకి వచ్చింది.

"ఏందీ, ఆపేసిండ్రు? ఎవలికేమైంది?"